హాజరు పలకని మోటారు

ఎనిమిదో తరగతిలో బడి రిజిస్టరులోంచి నా పేరు కొట్టేశారు. కారణం చిన్నదే. అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు నేను పలికేవాణ్ణి కాదు. గోడ అవతల గోలీలాడుతూ ఉండేవాణ్ణి. పేరు కొట్టేసిన రోజు మాత్రం కిటికీ ఊచలు పట్టుకుని "ఉన్నాను సార్!" అని బడంతా అదిరేలా అరిచాను. అప్పటికే కలం గీత ఆరిపోయింది. మా నాయన ఒక్క దెబ్బ కూడా వేయకుండా పుత్తూరులో మోటార్లు చుట్టే షాపులో చేర్పించాడు. పలకనందుకు చదువు పోగొట్టుకున్నవాణ్ణి, ఇప్పుడు పలకని మిషన్ల చేత పలికించి కూడు తింటున్నాను. మా అయ్యవారికి తెలిస్తే మిషన్ల పక్షమే మాట్లాడతాడు.

చిత్తూరు నుంచి కాణిపాకం వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. నేను అందులో ఎలక్ట్రీషియన్‌ని. మాది వడమాలపేట పక్క పల్లె అయినా, కాయ వచ్చే కాలంలో నా పడక ఫ్యాక్టరీలోనే. అక్కడ కాయలను ఒక పొడవాటి బెల్టు మీద పోస్తారు. అటూ ఇటూ ఆడవాళ్ళు నిలబడి కుళ్ళినవి ఏరి పారేస్తారు. బెల్టు మోటారు ఎంత వేగంగా తిరగాలో చూసుకునేది డ్రైవ్ అనే పెట్టె. ఆ డ్రైవ్‌ మీద అధికారి కంట్రోలర్. అది పక్క గదిలో, బీరువాలాంటి ప్యానెల్లో కూర్చుని ఉంటుంది. రెండింటికీ మధ్య ఒక సన్నని వైరు. కంట్రోలర్ ఆ వైరు మీద తెరిపి లేకుండా హాజరు పిలుస్తుంది, డ్రైవ్ పలుకుతుంది. పిలుపు వినబడకుండా పోయిందా, ఇక డ్రైవ్ ఎవరి మాటా నమ్మదు. మోటారు ఆపేసి ఎర్ర దీపం వెలిగించుకుంటుంది. నాకంటే బుద్ధిమంతురాలు.

ఆ ఏడు, సరిగ్గా కాయ ముమ్మరంగా దిగుతున్నప్పుడు, ఆ ఎర్ర దీపం వెలగడం మొదలైంది. బెల్టు ఆగేది. నేను పరిగెత్తి రీసెట్ నొక్కితే తిరిగేది. చెమట తుడుచుకునే లోపల మళ్ళీ ఆగేది. గేటు బయట తోతాపురి మామిడి కాయ నింపిన ట్రాక్టర్లు బారులు తీరాయి. ఎండకు కాయ మెత్తబడుతుంటే రైతులు గేటు పట్టుకుని ఊపుతున్నారు. గుడికి పోయే కార్లు ట్రాక్టర్ల వెనక ఇరుక్కుని, వినాయకుడికి వినబడేలా హారన్లు కొడుతున్నాయి.

నాకు తెలిసినవన్నీ చేశాను. రెండు కొసల్లోనూ స్క్రూలు బిగించాను. డ్రైవే మార్చేశాను. కొత్తదీ పాతదాని దారే పట్టింది. చెన్నైలో ఉండే ఇంజనీరుకు ఫోన్ చేస్తే, ఆయన తమిళమూ తెలుగూ కలిపి, "డ్రైవ్‌లో ఒన్నూ లేదప్పా. వయరు పోయే దారంతా చూడు" అన్నాడు. దారంతా అంటే రేకుల కప్పు కింద, వైర్లు పరిచి మూతలు బిగించిన ట్రేలో ఉంది. నిచ్చెన ఎక్కే బద్ధకానికి, చూస్తానులే సార్ అన్నాను.

ఈలోపల మేనేజరు కనిపెట్టేశాడు. నేల కడిగే అక్క పైపు పట్టినప్పుడల్లా బెల్టు ఆగుతోంది. నేలంతా తొక్కా గుజ్జూ పడి జారుతుంటుంది కాబట్టి ఆమె మాటిమాటికీ పంపు వేసి నీళ్ళు కొట్టాలి. ఆమె పైపు ఎత్తితే ఎంతటివాడైనా పంచె ఎగగట్టుకుని పక్కకు జరుగుతాడు.

"ఇంకేం గావాలప్పా, నీళ్ళు! ప్యానెల్లోకి నీళ్ళు పోతా ఉండాయి" అన్నాడు మేనేజరు. అక్కడికక్కడే అక్కను రేపటినుంచి రావద్దన్నాడు. హాజరు పుస్తకంలో ఆమె పేరు కొట్టేయమని గేటు కాపలావాడికి చెప్పాడు. సీజన్ నడుమ ఒక ఫ్యాక్టరీ పంపేసిన మనిషిని ఇంకో ఫ్యాక్టరీ గడప తొక్కనివ్వదు. సీజన్లో మిగిలిన ఆ నాలుగు వారాలూ పోతే ఆమె ఇంట్లో ఏడాదంతా పోయినట్టే.

"నేను ప్యానెల్ మీద కొట్టినానా? యాడ తడి ఉండాదో సూపించు సార్" అంది అక్క, పైపు కింద పెట్టకుండానే.

నేను ప్యానెల్ తలుపు తీశాను. లోపల దుమ్ము, నాలుగు అక్షింతలు, ఎండిన బంతిపూరేకు. తడి మాత్రం లేదు.

"సార్, మొదటి లోడు వచ్చిన దినం మామిడాకుతో దీని మీద చెంబెడు నీళ్ళు సల్లించింది మీరే గదా? ఆ పొద్దు బాగానే పలికిందే" అన్నాను.

"అవి పూజ నీళ్ళప్పా."

"ఇవి బోరు నీళ్ళని మిషనుకు ఎవురు సెప్పినారు సార్?"

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేనేజరుకు కోపం వచ్చింది. "ఎగతాళి సాలు. ఆ ఎర్ర దీపం ఇంక వెలగకుండా డ్రైవ్‌లో ఆపేయ్. అది సేతగాదంటే, ఓనరు ఫోన్ చేసినప్పుడు నీళ్ళ వల్లే అని ఒక్క మాట సెప్పు. ఏదో ఒకటి."

"రెండూ చెయ్యను."

"ఏమి?"

"ఎవురి చెయ్యన్నా బెల్టులో ఇరుక్కుంటే పక్కనుండే తాడు లాగతారు. ఆ సంగతి కంట్రోలర్ డ్రైవ్‌కు సెప్పాల్సింది ఈ వైరు మీదనే. వినబడకపోయినా తిరగతానే ఉండమని నేను దానికి నేర్పించను. బెల్టు పక్కన ఉండేవి చేతులు సార్, కట్టెలు గాదు. ఇంక నీళ్ళ మాటంటారా, నా కంటికి కనపడని తడిని నా నోటితో సెప్పను."

"అయితే నువ్వూ ఆయమ్మ వెనకనే గేటు దాటు!"

"దాటతాను. రీసెట్ బటన్ కాడ మీరు కూర్సోండి. స్టూలు ఈడనే ఉండాది."

స్టూలు తెచ్చి ఆయన ముందు వేశాను కూడా. అదే క్షణంలో అక్క మళ్ళీ పంపు వేసి పైపు ఎత్తింది, ఎర్ర దీపం వెలిగింది. ఆయన స్టూలు వంకా దీపం వంకా చూసి, "సరే, పొద్దుగూకే లోపల నీళ్ళు కాదని సూపించు. లేదంటే ఇద్దరూ పోండి" అన్నాడు.

స్టూలు వేసిన వీరుడికి ఏం చూపించాలో మాత్రం తెలియదు. ఎందుకంటే మేనేజరు చూసింది అబద్ధం కాదు. అక్క కడిగినప్పుడల్లా బెల్టు ఆగుతున్న మాట నిజమే. కడగడంలో నీళ్ళు కాకుండా ఇంకేముంది?

"అక్కా, పైపు బయటికి లాక్కొని పో. మేనేజరు సార్ కొబ్బరిమొక్కకు పట్టు" అన్నాను.

"ఉద్యోగం పోయే దినం మొక్కకు నీళ్ళు పట్టాలనా?" అంటూనే వెళ్ళింది. తలుపు మూసేశాం. లోపల ఒక్క చుక్క కూడా పడే దారి లేదు. పంపు వేయమన్నాను. వేశారు. ఎర్ర దీపం వెలిగింది. పంపు ఆపి, రీసెట్ నొక్కితే బెల్టు తిరిగింది. మళ్ళీ పంపు, మళ్ళీ దీపం. మేనేజరు దగ్గరే నిలబడి చూశాడు.

నీళ్ళు కాదు, పంపు. ఆ పంపు ఈ సీజన్‌కే కొత్తగా పెట్టింది. ఇక నిచ్చెన ఎక్కక తప్పలేదు. ట్రే మూతలు ఒక్కొక్కటే ఊడదీశాను. పంపు బిగించినవాళ్ళు దగ్గరి దారి చూసుకున్నారు. దాని లావు కేబులునూ మా సన్నని వైరునూ జడా సవరమూ అల్లినట్టు కలిపి, ఈ కొస నుంచి ఆ కొస దాకా కట్టేశారు. పంపు తిరిగితే ఆ కేబుల్లో పుట్టే రొద పక్క వైరులోకి దూరుతుంది. చెవి పక్కన ఉరుమి డోలు మోగుతుంటే ఎవరికి హాజరు వినబడుతుంది? రొదను అడ్డుకోవడానికి సన్నని వైరు చుట్టూ ఉండే లోహపు జాలీ కూడా ఎర్తుకు తగలకుండా గాలిలో వేలాడుతోంది.

సన్నని వైరును విడదీసి, గోడకు అవతలి పక్కగా వేరే దారిలో లాగాను. జాలీని కంట్రోలర్ కొసన ఎర్తుకు బిగించాను. పంపు వేశారు. బెల్టు ఆగలేదు. కొబ్బరిమొక్క మునిగే దాకా అక్క పైపు పట్టింది. బెల్టు ఆగనే లేదు.

"సరేలేప్పా, ఆయమ్మను రేపు రమ్మని సెప్పు" అన్నాడు మేనేజరు, ఫోన్ చూసుకుంటూ.

"నేను సెప్పను సార్. పొమ్మన్నది మీరు, రమ్మనాల్సిందీ మీరే. బెల్టు కాడ, అందరూ ఇనేట్టు."

ఆయన నన్ను మింగేసేలా చూశాడు. నేను కదల్లేదు. చివరికి బెల్టు దగ్గరికి వెళ్ళి, బూట్లతో మాట్లాడుతున్నట్టు తల దించుకుని, "రేపు రామ్మా" అన్నాడు.

"రేపటి సంగతి అట్లుండనీ. ఇప్పుడు జరుగు సార్, తొక్కల్లో నిలబడుకొనుండావు, జారతావు" అంది అక్క, మళ్ళీ లోపలికి తెచ్చుకున్న పైపుతో నీళ్ళు కొడుతూనే.

మర్నాడు నేను మీసం లేని చోట కూడా మీసం దువ్వుకుంటూ ఆమె ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. నా బడి కథ ఆ బెల్టు దగ్గర తెలియనివాళ్ళు లేరు, వాళ్ళను నవ్వించడానికి నేనే చెప్పుకున్నాను. ఆమె తల ఎత్తకుండా నేల కడుగుతూనే ఉండేసరికి ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమక్కా, నీ కోసం గేటు దాటేదానికి కూడా తెగించినాను. ఒక్క మంచి మాటన్నా అనవా?"

అక్క పైపు మూతి వంచి పట్టుకుని, నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"ఆ నిచ్చెన ముందే ఎక్కింటే నాకు ఈ ఏడుపు ఉండేది గాదు గదబ్బా! బళ్ళోనూ అంతే, ఈడా అంతే. పేరు కొట్టేసినాక గానీ నువ్వు పలకవు."