వెర్లిన్ ఇచ్చిన అచ్చు

గురి పందేనికి వెళ్తూ కెంటకీ కొండదారిలో ఎదురైన ఈనక్ టాకెట్ నాకు గుప్పెడు సీసపు తూటాలు చూపించాడు. అన్నీ ముడతలే. ఏటా పందెం గెలిచి బహుమతి ఎద్దును తోలుకుపోయే వెర్లిన్ దగ్గర తూటాల అచ్చు అరువు తెచ్చి, ఇంట్లో సీసం కరిగించి పోసుకున్నాడట. పొరుగింటి పుల్లకూర ఏ దేశంలోనైనా రుచే.

"కావాలనే పాడు అచ్చు ఇచ్చాడు పెద్దాయనా."

"లోపల నల్లగా ఉండాలే?"

"ఉంది. తుడవొద్దన్నాడు. గుట్టంతా అక్కడే దాచాడనుకుని ఇసకేసి తోమేశాను."

"అది పైన్ పుల్ల వెలిగించి పట్టించిన పొగమసి. అదుంటేనే సీసం నున్నగా నిండేది. వాడు నీకు నిజమే చెప్పాడు."

ఈనక్ అద్దంలా మెరుస్తున్న అచ్చును సంచిలోంచి తీసి చూశాడు.

"చెప్పినవాడు ఎందుకో కూడా చెప్పొచ్చుగా," అని గొణిగి, వస్తానని కూడా అనకుండా ఇంటిదారి పట్టాడు.