తాడు వంతెన ఎవరు కోశారు

"ఇక మణిధర్ పని అయిపోయిందయ్యా. సినిమాలో తూటా ఎడమ భుజానికి తగిలింది. మేఘనాథ్ నవల్లో కుడి భుజానికి తగిలింది. కాళింది నవల్లో అసలు తగల్లేదు, చొక్కా చిరిగి ఊరుకుంది. కాల్చినవాడు ఒక్కడే, తుపాకీ ఒక్కటే. ఇప్పుడు కట్టు ఎక్కడ కట్టాలి? పోనీ, ఎవడికి పట్టింది? నేను పోయాక ఈ సంగతి అడిగే నాథుడే ఉండడు."

నేను అడిగింది "బాగున్నారా అండీ?" అని మాత్రమే.

రామకోటేశ్వరరావు గారిది ఒకటే జబ్బు. సినిమాకీ, ఆ సినిమా మీద వచ్చిన వెండితెర నవలకీ మధ్య ఎక్కడ తేడా కనిపించినా ఆ రోజు ఆయనకి ఇంట్లో మనిషి పోయినట్టే. ఆటోనగర్‌లో ఆయనకి బేరింగుల షాపు ఉంది. లారీ పాడైపోయి ఏడుస్తూ వచ్చిన డ్రైవర్లు కూడా ఆయన మొహం చూసి, తమ కష్టం చిన్నదనుకుని, "ఏమైందండీ మీకు?" అని అడిగేవారు. ఆయన చెప్పేవారు. వాళ్లు బేరింగు సంగతి మర్చిపోయి వెళ్లిపోయేవారు.

మణిధర్ ఎవరో ఈ కాలం వాళ్లకి చెప్పాలి. మెడలో ఎర్ర రుమాలు, చేతిలో లాంతరు, ఎక్కడ పాడుబడ్డ కోట ఉంటే అక్కడ ప్రత్యక్షం. నిధి దొరికేది, కానీ చివరికి అది ఊరివాళ్లకి ఇచ్చేసి ఖాళీ చేతులతో వెళ్లిపోయేవాడు. మణిధర్ సినిమాలు నాలుగు వచ్చాయి. ఒక్కో సినిమాకీ బెజవాడలోనే రెండేసి నవలలు అచ్చయ్యాయి. మేఘనాథ్ అనే ఆయన నిర్మాత అనుమతితో, షూటింగ్ మొదలు కాకముందే స్క్రిప్టు చూసి రాసేసేవాడు. అందుకని ఎడిటింగులో పోయిన సీన్లన్నీ ఆయన నవల్లో బతికే ఉండేవి. కాళింది ఎవరి అనుమతీ లేకుండా మొదటి రోజు మార్నింగ్ షో చూసి, ఇంటికెళ్లి రాసేసేది. కాళింది అంటే గుబురు మీసాలున్న మగమనిషి అని వినికిడి. ఇంటర్వెల్‌లో సమోసా కోసం వెళ్లి ఆలస్యంగా వచ్చేవాడో ఏమో, ప్రతి నవల్లోనూ సగం దగ్గర కథ ఒక గెంతు గెంతేది. ఒక నవల్లో మణిధర్ బావిలో పడిపోతూ ఉంటాడు, తర్వాతి పేజీలో పెళ్లి భోజనం చేస్తూ ఉంటాడు.

రావు గారిది కాళింది పార్టీ. మేఘనాథ్ పార్టీకి నాయకుడు నవాబ్ గారు. ఆటోనగర్‌లోనే కారు సీట్లు కుట్టే షెడ్డు ఆయనది. ఆదివారం మధ్యాహ్నం షెడ్డు మూసి ఉండేది కాబట్టి అభిమానులందరం అక్కడే చేరేవాళ్లం. కారు లేని కారు సీట్ల మీద వరసగా కూర్చుని, ఎక్కడికో ప్రయాణం చేస్తున్నవాళ్లలాగా ఎదురుగా చూస్తూ నవలలు పోల్చుకునేవాళ్లం. మాట్లాడేది ఆ ఇద్దరే. మిగతావాళ్లం ప్రయాణికులం.

ఆ ఇద్దరి మర్యాదలు వింతగా ఉండేవి. మామూలప్పుడు ఏరా అంటే ఏరా అనుకునేవాళ్లు. పోట్లాట మొదలవగానే మీరు, తమరు, అండీ వచ్చేవి. "నువ్వు టీ తాగావురా?" అన్న నోటితోనే, "తమరు రెండో నవల నలభయ్యో పేజీ చదివారాండీ?" అనేవారు. అండీ వినపడిందంటే మేం సీట్లు దగ్గరికి జరుపుకునేవాళ్లం.

రావు గారు మొదటి సినిమా కంకిపాడులో చూశారు. అక్కడి ఆపరేటరు వెనక రీలు ముందు వేశాడు. దాంతో మణిధర్ మొదట నిధి పంచేసి, ఆ తర్వాత దాన్ని వెతకడానికి బయలుదేరాడు. అసలైన సినిమా అదేననీ, బెజవాడ వాళ్లకి చూపించింది తప్పుడు సినిమా అనీ ఆయన చాలాకాలం వాదించారు. నవాబ్ గారు నవ్వి నవ్వి సీటు మీంచి జారిపడేవారు.

ఇంత నిరాశలోనూ రావు గారు బతకడానికి ఒకే ఒక్క కారణం ఉండేది. అది కాళింది రాసిన నాలుగో నవల్లో తాడు వంతెన సీను. సినిమాలో ఆ వంతెన దొంగలు కోస్తారు. మేఘనాథ్ నవల్లో మణిధరే దాటి వచ్చి కోస్తాడు. కాళింది నవల్లో మాత్రం, మూడు సినిమాల నుంచీ ఏడవడం తప్ప వేరే పనిలేని హీరోయిన్ పద్మిని, దొంగల నాయకుడి ఒరలోంచి కత్తి లాగి తనే కోస్తుంది. ఆ పేజీ చెప్పేటప్పుడు రావు గారు లేచి నిలబడేవారు. నవాబ్ గారు అంతసేపూ ఓపిగ్గా విని, "ఒక చేత్తో కుచ్చెళ్లు పట్టుకుంది, ఒక చేత్తో మణిధర్‌ని పట్టుకుంది. తాడు కొయ్యడానికి మూడో చెయ్యి ఎక్కడిదండీ?" అనేవారు. రావు గారు ఆ రోజంతా అన్నం తినేవారు కాదు.

అలాంటి నవాబ్ గారికి పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ మెల్లగా దారికొచ్చాయి. మాట మాత్రం పోయింది. అన్నీ వినేవారు, అన్నీ అర్థమయ్యేవి, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. కొన్నాళ్లకి తెరవడమే మానేశారు. మాటలు నేర్పే డాక్టరమ్మ వచ్చి బొమ్మలు చూపించి పేర్లు చెప్పమంటే మొహం గోడవైపు తిప్పుకునేవారు. ప్రయత్నించేకొద్దీ మాట వస్తుంది, మానేస్తే మాత్రం కష్టమని ఆవిడ నవాబ్ గారి భార్య అన్వరీ గారికీ, కోడలు ఫౌజియాకీ చెప్పి వెళ్లింది.

రావు గారు రోజూ షాపు మూయగానే పటమటలో నవాబ్ గారింటికి వెళ్లడం మొదలుపెట్టారు. నన్నూ తీసుకెళ్లేవారు. దారి పొడుగునా ఒకటే పాట: "లాభం లేదయ్యా. ఇక మాట్లాడడు. నా మొహాన ఇంత అన్యాయం రాసిపెట్టి ఉంది. కాళిందిని తిట్టేవాడే లేకపోతే కాళిందిని నేనేం చేసుకోను?" గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, మొహం తుడుచుకుని లోపలికి వెళ్లి, నవలలు చెప్పేవారు.

అక్కడే నాకు భయం పట్టుకుంది. ఆయన తప్పులు చెబుతున్నారు. మణిధర్ నల్ల గుర్రాన్ని తెల్లది చేశారు. కొండ మీది కోటని సముద్రంలో కట్టారు. ఒక రోజు పద్మినిని దొంగల నాయకుడికి చెల్లెల్ని చేశారు. చెబుతున్నంతసేపూ ఆయనకి చెమటలు పట్టేవి. ఒక్క తూటా మూడు చోట్ల తగిలితే తట్టుకోలేని మనిషి ఇలా మాట్లాడుతున్నాడంటే మతిమరుపు మొదలైందనే కదా. ఒకరికి మాట, ఒకరికి మతి, ఇద్దరికీ ఒకేసారి ఇలా జరగాలా అని దిగులుపడి, రావు గారి భార్య శివపార్వతి గారితో మెల్లగా చెప్పాను.

ఆవిడ బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు. "మతిమరుపూ లేదు, పాడూ లేదు. పొద్దున్నించీ ఆ తప్పులు బట్టీ పడుతున్నారు. అలవాటు లేదు కదా, మధ్యలో నోరు జారి నిజం వచ్చేస్తోందట. మొన్న గుర్రాన్ని తెల్లది చేసి వచ్చి, గోడకేసి చూస్తూ కూర్చున్నారు. ఏంటండీ అంటే, 'దాని ఉసురు నాకు తగులుతుంది పార్వతీ' అన్నారు."

"ఎందుకండీ ఈ బాధ?"

"నవాబ్ అన్నయ్యకి ఆకలేసినా అడగరట, నొప్పేసినా చెప్పరట. తప్పు వింటే మాత్రం ఊరుకోలేరని ఈయన నమ్మకం."

ఆ నమ్మకం కూడా సడలిపోయిన రోజు ఒకటి వచ్చింది. దారిలో రావు గారు ఒక్క మాటా మాట్లాడలేదు. గుమ్మం దగ్గర ఆగి, "నా దగ్గర తప్పులు అయిపోయాయయ్యా. ఒక్కటే మిగిలింది. అదీ వాడేస్తే ఇక నేను మనిషిని కాను," అన్నారు.

లోపల నవాబ్ గారు కిటికీ పక్కన వాలు కుర్చీలో ఉన్నారు. రావు గారు ఎదురుగా కూర్చుని, కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. "నాలుగో నవల. తాడు వంతెన. మేఘనాథ్ స్పష్టంగా రాశాడండీ. ఆ వంతెన ఎవరూ కొయ్యలేదు. ఎలకలు కొరికాయి."

టీ తెస్తున్న అన్వరీ గారు గుమ్మంలో ఆగిపోయారు. నవాబ్ గారి చెయ్యి కుర్చీ చేతి మీద బిగుసుకుంది. మీసం కదిలింది. మెడ నరాలు లేచాయి. లోపలి నుంచి స్టార్టు కాని బండిలా ఏదో రెండు మూడుసార్లు గురగురలాడింది.

"కా... కాదు."

రావు గారు కళ్లు తెరవకుండానే ముందుకి వంగారు.

"పద్... పద్మిని. పద్మిని కోసింది. మేఘ... నాథ్ రాశాడు."

రావు గారు కళ్లు తెరిచారు. ఆ సీను మేఘనాథ్‌ది కాదు. కాళిందిది. ఎన్నేళ్ల నుంచో ఆయన ప్రాణంలా దాచుకున్న పేజీని ఆ మనిషి ఎత్తుకెళ్లి అవతలి పార్టీ సంచిలో వేసేశాడు. రావు గారి నోరు తెరుచుకుంది. ఘాటైన జవాబు గొంతు దాకా వచ్చిందని నాకు కనిపిస్తూనే ఉంది.

"రాశాడా... లేదా? చెప్పం... డి," అన్నారు నవాబ్ గారు.

అండీ వచ్చేసింది.

"రాశాడండీ," అన్నారు రావు గారు. పొలం రాసిచ్చేసే మనిషి గొంతులా ఉంది. "మేఘనాథే రాశాడు. మీరే రైటు."

నవాబ్ గారు కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఆ మాట ఎంతో రుచిగా ఉన్నట్టు నములుతూ, "కాళింది... వేస్టు," అన్నారు.

"అవునండీ. వేస్టే."

అన్వరీ గారు ట్రే కింద పెట్టి కొంగుతో మొహం కప్పుకున్నారు. నవాబ్ గారు మాత్రం భార్యని చూడలేదు, నన్ను చూడలేదు. రావు గారినే చూస్తున్నారు. ఆ చూపు పొరపాటు పడ్డ మనిషి చూపులా నాకు అనిపించలేదు. కానీ రావు గారితో ఆ మాట అనలేదు.

రావు గారు నన్ను రెక్క పట్టుకుని వీధిలోకి లాక్కొచ్చారు. కళ్లు తుడుచుకుంటూనే తిట్టడం మొదలుపెట్టారు. "సర్వనాశనం అయిందయ్యా. నా నోటితో నేనే వేస్టు అన్నాను. ఇక చచ్చేదాకా నన్ను బతకనివ్వడు."

"మాట వచ్చింది కదండీ."

"వచ్చింది. వచ్చి, మొట్టమొదట చేసిన పని ఇది." ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "ఇదిగో, విను. మా ఇంటికెళ్లి శివపార్వతిని అడిగితే కాళింది నాలుగో నవల ఇస్తుంది. అది నీ దగ్గర దాచు. ఇప్పుడు ఆ పేజీ చూశాడంటే తను తప్పు చెప్పానని తెలుస్తుంది. తెలిస్తే మళ్లీ నోరు మూసుకుంటాడు. వాక్యం వెనక వాక్యం వచ్చేదాకా పద్మిని మేఘనాథ్ దగ్గరే ఉండనీ. నాకు ప్రాణం పోతున్నట్టుంది, అయినా ఉండనీ."

కిటికీలోంచి నవాబ్ గారి గొంతు వినిపించింది, తడబడుతూ, ఇందాకటి కంటే కాస్త గట్టిగా: "ఫౌ... జియా. స్కూటీ తియ్. కోటేశ్వర్రావు ఇంట్లో... కాళింది పుస్తకం."

రావు గారు నా భుజం మీద చరిచారు. "విన్నావా? అడ్డదారిన వెళ్లు. ఆ పిల్ల కంటే ముందు చేరాలి. పేజీలు మడత పడకుండా తీసుకెళ్లు."