సూది పొడిచిన చోట

నా చిన్నప్పుడు జహీరాబాద్‌లో ఒక మిషన్ దవాఖాన గేటు దగ్గర ముసలి బ్రదర్ ఒకాయన ఉండేవారు. పెళ్ళి లేదు, పూజలు చేసే ఫాదర్ కూడా కాదు, జీవితమంతా మఠానికే ఇచ్చేసిన మనిషి. గేటు తీయడం, వరండా ఊడవడం, రోగులకు మంచినీళ్ళివ్వడం ఆయన పని. ఝరాసంగం వైపు ఊళ్ళవాళ్ళం బ్రదర్ సాబ్ అనేవాళ్ళం. మాకు చర్చితో ఏ సంబంధమూ లేకపోయినా, ఆయన చెయ్యి పెడితే జబ్బు దిగుతుందని గట్టి నమ్మకం.

ఆ ఏడు మా తమ్ముడికి అమ్మవారు పోసింది. మా ఇళ్ళల్లో అమ్మవారు పోస్తే సూదీ మందూ ముట్టనివ్వరు, తల్లికి కోపం వస్తుందని భయం. వేపాకుల మీద పడుకోబెట్టి చల్లటి అంబలి తాగిస్తారు, అంతే. పొక్కులు మాడిపోయాయి గానీ జ్వరం తగ్గలేదు. వాడు డొక్కలెగరేస్తూ ఊపిరి తీసేవాడు, పాలు తాగడం మానేశాడు. మా అమ్మ ఏడ్చి ఏడ్చి లేవలేని స్థితికి వచ్చింది. చివరికి మా నాయనమ్మ వాణ్ణి కొంగులో చుట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. అదీ బ్రదర్ సాబ్ చెయ్యి కోసమే.

మేం వెళ్ళేసరికి ఆయన గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. మమ్మల్ని చూసి మోకాళ్ళు పట్టుకుని లేచారు.

"జర పోరని మీద చెయ్యి పెట్టు సాబ్," అంది నాయనమ్మ.

"పెడ్త అమ్మా. సూది పొడిచిన చోటనే పెడ్త. ముందుగాల లోపటికి పోయి రా."

"అమ్మోరు పోసిన పోరనికి సూదా? తల్లి ఊకుంటదా?"

ఆయన వాదించలేదు, అమ్మవారిని ఒక్క మాటా అనలేదు. నాయనమ్మ పక్కనే ఎండలో చతికిలబడి, తమ్ముడి ముఖానికి తన తువ్వాలు అడ్డం పట్టారు. నాయనమ్మ మొండిది, కదల్లేదు. ఆయనా అక్కడే ఉన్నారు. గేటు దగ్గరికి ఎవరైనా వస్తే మాత్రం లేచి, తీసి, మళ్ళీ వచ్చి కూర్చునేవారు. లేచినప్పుడల్లా మూలిగేవారు. నాకు జాలేసింది.

"అలిసిపోలేదా తాతా?" అన్నాను.

"అలిసిన బిడ్డా, శాన అలిసిన," అని నవ్వారు. "గేటు కాడికొచ్చినోనికి నా అలుపు ఏమెరుక?"

అంతలో తమ్ముడి పెదాలు నీలంగా మారాయి. నాయనమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "తల్లి కోపం నా మీదనే పడనీ," అంటూ లోపలికి నడిచింది. సిస్టరమ్మ వాడి తొడమీద సూది పొడిస్తే, ఏడ్చే ఓపిక లేని పిల్లాడు కూడా కేర్‌మన్నాడు. బ్రదర్ సాబ్ వచ్చి, అన్నమాట ప్రకారం ఆ చోటనే అరచెయ్యి పెట్టారు. ఏడుపు ఆగేదాకా తీయలేదు. కొన్నాళ్ళకు నవ్వుతున్న తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకున్నాం.

ఇప్పుడు ఆయన సమాధి మీద ఎప్పుడూ పూలే. ఆయన్ను పునీతుడిగా, అంటే సెయింటుగా, ప్రకటింపజేయాలని చర్చివాళ్ళు ప్రయత్నిస్తున్నారట; అందుకు ఆయన వల్ల అద్భుతం జరిగిందని రుజువు కావాలట. మొన్న ఒక ఫాదర్ మా ఇంటికి వచ్చి, మీ తమ్ముడు బతకడం అద్భుతమేనా అమ్మా అని అడిగారు. బతికించింది సూదేనని చెప్పాను. కానీ మా నాయనమ్మను ఆ సూది దాకా నడిపించడం ఇంకెవరి వల్లా అయ్యేది కాదని కూడా చెప్పాను. ఆయన ఏం రాసుకున్నారో తెలియదు.

నేనూ అలిసిపోయాను. మంచాన పడ్డ మా ఆయనకు రోజూ ఇన్సులిన్ ఇవ్వాలి. చిన్నపిల్లాడిలా మొరాయిస్తాడు, నోటికొచ్చినట్టు తిడతాడు. కొన్ని పొద్దుల్లో పిలుపు వినబడనట్టు అటు తిరిగి పడుకోవాలనిపిస్తుంది. కాసేపటికి మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూనే లేస్తాను. సూది పొడిచి, ఆ చోట అరచెయ్యి పెడతాను. తిట్లు ఆగేదాకా తీయను.