పెద్ద సిస్టర్, ఐదో మెట్టు

పద్దెనిమిదేళ్లుగా వార్డులో పనిచేస్తున్న ఆ నర్సును అందరూ పెద్ద సిస్టర్ అంటారు. మందు లెక్క రెండుసార్లు సరిచూడనిదే సూది పట్టదు. పైచదువుకని కాలేజీలో చేరితే, కంప్యూటర్ పాఠం కూడా తప్పదన్నారు. అభ్యాసాలన్నీ ఆన్‌లైన్‌లోనే. చేసేవాళ్ల తీరును బట్టి ప్రశ్నలు మెట్టు మెట్టుకీ కష్టమో తేలికో అవుతాయి. ఐదో మెట్టు ఎక్కితేనే పరీక్షకు కూర్చోనిస్తారు.

ఆవిడ ప్రతి జవాబూ ముందు కాగితం మీద రాసుకుని, సరిచూసుకుని, అప్పుడు నొక్కింది. ఒక్కటీ తప్పలేదు. కానీ తెరమీద గడియారం తిరుగుతూనే ఉంది. ఆ ప్రోగ్రాం ఆలస్యాన్ని తెలియనితనం కింద జమకట్టి, ఒక్కో మెట్టే దించుకుంటూ వచ్చి, చివరికి "వీటిలో మౌస్ ఏది?" అని బొమ్మలు చూపించింది.

ఆవిడకి ఒళ్లు మండిపోయింది. కాగితాల కట్ట తీసుకెళ్లి, ఆ పాఠం చెప్పే కుర్ర లెక్చరర్ బల్లమీద పడేసింది.

"ఇందులో ఒక్క తప్పు చూపించండి సార్!"

ఆయన అన్నీ తిరగేశాడు. "తప్పుల్లేవు సిస్టర్. మీరు కాస్త నెమ్మది, అంతే."

"రేపు మీకు జ్వరమొస్తే, చూసుకోకుండా గబుక్కున పొడిచేసే నర్సు కావాలా?"

"అమ్మో, వద్దు! సరే, మిమ్మల్ని ఐదో మెట్టుకి ఎక్కించేస్తాలెండి."

"నన్నొక్కదాన్నేనా? ఈ క్లాసులో సగం మంది నా వార్డులో పనిచేసే నర్సు పిల్లలే. రెండుసార్లు చూసుకోమని వాళ్లకి నేర్పింది నేనే. ముందా గడియారం తీసెయ్యండి," అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

ఆయన తీసేసేదాకా లేవలేదు.