పెద్దాయన పట్టుబట్టిన ప్రకటన

1986 వానాకాలంలో నన్ను పెద్దపల్లి నుంచి మంథని వైపు ఒక చిన్న సంఘానికి గురువుగా బదిలీ చేశారు. చర్చి పైకప్పు రేకులది. వాన పడితే నా ప్రసంగం ముందు వరుసకు కూడా వినిపించేది కాదు. దాని గురించి ఎవరూ ఫిర్యాదు చేయకపోవడం నాకు కొంచెం బాధగానే ఉండేది.

మా పనిలో ప్రతిదానికీ ఒక క్రమం ఉంటుంది. పెళ్ళి చేయాలంటే వరుసగా మూడు ఆదివారాలు ఆరాధనలో వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలని అడగాలి. దీన్నే ప్రకటన అంటాం. పెళ్ళయ్యాక కూడా సంఘం వాళ్ళను వదలదు. నెలలో మొదటి ఆదివారం, ఆ నెలలో పెళ్ళిరోజు ఉన్న జంటలు బలిపీఠం ముందు మోకరిస్తే, గురువు ఇద్దరి తలల మీదా చేతులుంచి ఆశీర్వదిస్తాడు. ఇరవై అయిదేళ్ళు నిండిన జంట అయితే ముందు వారమే ప్రకటన చేయాలి. ఆ ఆదివారం సంఘమంతా వండుకొని వస్తుంది. ఆ రోజు హాజరు పెరగడానికి కారణం నా ప్రసంగం కాదని వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ఆశీర్వాదం కోసమే సుగుణమ్మ, మార్తమ్మ ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. సుగుణమ్మ ఆసుపత్రిలో నర్సు, మార్తమ్మ ఆడపిల్లల హాస్టల్లో వార్డెను. వయసులో ఉన్నప్పటి నుంచి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఒకరికి జ్వరం వస్తే రెండోవారు సెలవు పెట్టేవారు. వాళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. మార్తమ్మ విషయం చెప్పలేక మా వాకిట్లోని మొక్కల్ని తెగ మెచ్చుకుంది. అక్కడ ఉన్నది ఒక్క వంగమొక్క. చివరికి సుగుణమ్మే అడిగింది.

“గోదారి ఒడ్డున ఒకలకొకలం మాటిచ్చుకొని ఇరవై అయిదేండ్లయితుంది, అయ్యగారూ. నెలనెల అందరి తలల మీద చెయ్యి పెడ్తరు. మేం చూసుకుంట కూసుంటం. మాకు గూడ ఒక్కసారి పెట్టరాదుండ్రి?”

పెళ్ళి జరిపించే అధికారం నాకు లేదని చెప్పాను. చట్టం ఒప్పదు, మా ఆరాధన పుస్తకంలో అలాంటి క్రమమూ లేదు. అయితే పెళ్ళిరోజు ప్రార్థనకు అచ్చయిన మాటలంటూ ఏమీ లేవు, గురువు సొంత మాటల్లో చేసుకోవచ్చు. నా మనసు మటుకు అప్పటికే ఒప్పేసుకుంది. ఇన్నేళ్ళు కలిసి ఉండి, ఇంకా ఒకరి మాటకు ఒకరు నవ్వుకునే జంటలు నా సంఘంలో ఎక్కువ మంది లేరు.

భయమంతా పెద్దాయనతోనే. సంఘ పెద్ద దేవసహాయంగారిని అందరూ అలాగే పిలిచేవారు. వానల వల్ల మూడు ప్రకటనల్లో ఒకటి తప్పిపోయిందని, పెళ్ళిబట్టల్లో దిగిన మగపెళ్ళివారిని తిరుగు బస్సెక్కించిన మనిషి ఆయన. ఆయన అడ్డు చెబితే సంగతి బిషప్‌గారి దాకా పోతుంది. నా బదిలీ సరే, పెట్టె సర్దుకోవడం నాకు అలవాటే. ఆ ఇద్దరినీ మాత్రం ప్రభువు బల్లకు రానివ్వకపోవచ్చు. ఇన్నేళ్ళూ ఆ బల్ల ముందు పక్కపక్కన మోకరించి ప్రసాదపు రొట్టె అందుకున్నవాళ్ళకు అంతకు మించిన శిక్ష లేదు. ఈ సంగతి దాచకుండా చెప్పాను. “అయితే లొల్లి లేకుంట మెల్లగ చేసెయ్యుండ్రి,” అంది మార్తమ్మ. నాకూ అదే మంచిదనిపించింది.

మొదటి ఆదివారం జంటల్ని పిలిచాను. అందరి తర్వాత ఆ ఇద్దరూ వచ్చి మోకరించారు. ఇరవై అయిదేళ్ళ తోడుకు కృతజ్ఞతగా అని గొణిగి నేను చేతులు చాపేలోపే పెద్దాయన లేచారు.

“ఆగుండ్రి, అయ్యగారూ!”

ఆ రోజు వాన కూడా లేదు. ఆ మాట అందరికీ వినిపించింది. మార్తమ్మ సుగుణమ్మ కొంగు పట్టుకుంది.

“గిది క్రమం కాదు,” అన్నారు పెద్దాయన. “ఇరవై అయిదేండ్ల జోడి అంటే ముందుగాల ప్రకటన చెయ్యాలె. అందరం వండుకొని రావాలె. దొంగసాటుగ గిదేం ప్రార్థన? వీళ్ళేమన్న తప్పు చేసిండ్రా?”

ఆయన మాట నా బుర్రకెక్కడానికి కొంతసేపు పట్టింది. ఎక్కాక, వచ్చే ఆదివారం సుగుణమ్మకూ మార్తమ్మకూ కృతజ్ఞతా ఆశీర్వాదమని అక్కడికక్కడే గట్టిగా ప్రకటించాను. అభ్యంతరం కూడా అడగాలన్నారు పెద్దాయన. అది పెళ్ళి ప్రకటనకే కదా అనబోయి, ఆయన ముఖం చూసి మానుకుని, అడిగాను.

వెనక వరుసలోంచి ఒక కుటుంబం లేచి వెళ్ళిపోయింది. వాళ్ళు మళ్ళీ క్రిస్మస్‌కు గానీ రాలేదు. తర్వాత ఆ ఇద్దరి పక్కింటి ముసలామె రాహేలవ్వ లేచింది.

“నాకున్నది అభ్యంతరం. వాళ్ళ కోళ్ళు నా కొత్తిమీరంత కరాబు చేస్తున్నయ్. గా సంగతి తేల్చినంకనే ప్రార్థన!”

చర్చి అంతా ఒక్కసారి గొల్లుమంది. మోకాళ్ళ మీదున్న ఇద్దరూ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. కోళ్ళను గంప కింద మూస్తామని సుగుణమ్మ బలిపీఠం ముందే మాటిచ్చింది. అభ్యంతరం తీరిందని నేను ప్రకటించాను. నా సర్వీసులో అంత సంతోషంగా తీర్చిన తగాదా మరొకటి లేదు.

తర్వాతి ఆదివారం వాళ్ళ తలల మీద చేతులుంచి, వీళ్ళను ఇలాగే కలిపి ఉంచమని దేవుణ్ణి అడిగాను. రాహేలవ్వ కోడికూర వండుకొచ్చింది. ఆ కోడి ఎవరిదో నేను అడగలేదు.

సంగతి బిషప్‌గారి దాకా పోనే పోయింది. ఆయన సంజాయిషీ అడిగినప్పుడు నేను నోరు తెరవకముందే పెద్దాయన జవాబిచ్చారు. పెళ్ళి జరగలేదని, ఆశీర్వాదానికి ప్రకటన చేశామని, అభ్యంతరం అడిగామని, వచ్చిన ఒక్కటీ కోళ్ళ గురించేనని. బిషప్‌గారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. సుగుణమ్మ, మార్తమ్మ ఎప్పటిలాగే పక్కపక్కన మోకరించి రొట్టె అందుకున్నారు.

మెల్లగా చేసి ఉంటే ఆ రోజు జవాబు చెప్పుకోవలసినవాణ్ణి నేనొక్కణ్ణే. ప్రకటన చేయడంతో పెద్దాయన చెప్పిన జవాబు సంఘమంతటిదీ అయింది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, రేకుల మీద వాన పడుతున్నా సరే, ఎవరి ఆశీర్వాదమైనా గొంతెత్తే ప్రకటించాను.