నీళ్లొచ్చే వైపు

మా వైపు కొండలు లేవు. బందరులో పుట్టిన నేను కొండ అనేదాన్ని మొదటిసారి బెజవాడ వెళ్లినప్పుడు చూశాను, అప్పటికి హైస్కూల్లో ఉన్నాను. అయినా మా వాళ్ల మాటల్లో పైన, కింద అనేవి రోజుకు పదిసార్లు వస్తాయి. నీళ్లు వచ్చే వైపు పైన, నీళ్లు పోయే వైపు కింద. గుడివాడ దగ్గర మా అక్కయ్య అత్తగారి ఊళ్లో అయితే, మనిషి పక్క వీధికి వెళ్లినా పైకెళ్లాడనో కిందికెళ్లాడనో చెబుతారు. కంటికి కనపడని ఆ వాలు కాలవ నీళ్లకు తెలుసు. నీళ్లను చూసి మనుషులు తెలుసుకుంటారు.

మా బావది, అంటే అక్కయ్య భర్తది, ఆ ఊళ్లో కాలవ చివరి పొలం. నీళ్లెప్పుడు దిగుతాయా అని పై వైపు చూస్తూ పెరిగిన మనిషి. చిన్నప్పుడోసారి చేలల్లో దారి తప్పి, చీకటి పడేదాకా ఏడుస్తూ తిరిగాడట. దొరికాక వాళ్లమ్మ రెండు అంటించి, అన్నం పెట్టి, ఒక మాట చెప్పిందట.

"దారి తప్పితే ఏడవమాక. కాలవ చూసుకో. నీళ్లకెదురుగా నడువు, ఊరొచ్చుద్ది."

ఆ మాట బావ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. పక్కన అత్తయ్య ఉంటే ఆవిడ కూడా తల ఊపేది, కొడుకు పద్యం అప్పజెబుతున్నట్టు వింటూ.

ఆయనకు షుగరొచ్చాక డాక్టరు రోజూ నడవమన్నాడు. ఇంటి ముందు కాలవ గట్టుంది, శుభ్రంగా నడవొచ్చు. ఆయనకది ఆనలేదు. రొయ్యల చెరువుల బేరం మీద ఓసారి దివిసీమ చివరికి వెళ్లి, కరకట్ట అవతల సముద్రం దాకా పరుచుకున్న మడ అడవిని చూసి మనసు పారేసుకున్నాడు. ఒక్కడూ పోతే బాగుండదని నన్ను కూడా లాగాడు. నాకు బందరులో మందుల షాపుంది. "మందులమ్మీ అమ్మీ చివరికి నువ్వే మింగుతావురా, పద" అనేవాడు. ఆయన కారులో పామర్రు మీదుగా వచ్చేవాడు, నేను బస్సులో వెళ్లి మోపిదేవిలో ఎక్కేవాణ్ని.

ఆ అడవిలో నడకను నడక అనకూడదు. బురద పిక్కల దాకా లాగుతుంది. మడచెట్ల వేళ్లు నేలలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. చెప్పులు విప్పితే అవి గుచ్చుకుంటాయి, వేసుకుంటే బురద లాక్కుంటుంది. ఎండాకాలం నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, సాయంత్రం పైరగాలి తిరిగేదాకా ఆకు కదలదు. వానాకాలం పైనుంచి వాన, కిందనుంచి దోమలు. కార్తీకంలో వాయుగుండం అన్న మాట వినపడితే ఆ ఛాయలకే వెళ్లేవాళ్లం కాదు. ఉప్పెనలో పోయినవాళ్ల గురించి ఆ ఊళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు, అవి వింటుంటే చేతిలో టీ చల్లారిపోయేది. ఇంత బాధ పడి ఎందుకు వెళ్లేవాళ్లమంటారా? బురదలో దిగబడినప్పుడల్లా బావ చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. నాకది చూడటం ఇష్టం.

అడవి నిండా సన్నటి పాయలున్నాయి. సముద్రం రోజుకు రెండుసార్లు వాటిలోకి నీళ్లు నెడుతుంది, రెండుసార్లు వెనక్కి లాక్కుంటుంది. నెట్టేది పోటు, లాగేది ఆటు. మేం వెళ్లేది ఎప్పుడూ ఆటు వేళే. అక్కడి రేవులో పడవల వాళ్లను ఫోన్లో అడిగి, నీళ్లు తీసే వేళ చూసుకుని బయల్దేరేవాళ్లం. అందుకని ఆ పాయల్లో నీళ్లు మాకెప్పుడూ మన కాలవల్లాగే ఊరి వైపు నుంచి సముద్రం వైపు పోతూనే కనపడ్డాయి.

ఒక ఆషాఢంలో లోపలుండగా వాన కమ్ముకుంది. నాలుగు చెట్ల అవతల ఏముందో తెలియలేదు. భయమేస్తే నాకు కోపమొస్తుంది, ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. బావ పాయ ఒడ్డున గొంతుక్కూర్చుని ఓ మడాకు తెంపి నీళ్లలో వేశాడు. అది పోయిన వైపు చూసి, రెండో వైపు చెయ్యి చూపించాడు. అలా నీళ్లకెదురుగా నడిచి నడిచి కరకట్టెక్కాం. ఇక ఆయన్ని పట్టగలమా! ఏ పెళ్లిలో కలిసినా, "మీవాణ్ణి బతికించి తెచ్చింది నేనే" అని మా వాళ్లందరికీ చెప్పేవాడు. "నువ్వు కాదురా, నేను" అనేది అత్తయ్య.

మొన్న పుష్యమాసంలో మంచు విపరీతంగా పడింది. పామర్రు దగ్గర దారి కనపడక బావ కారు పక్కన ఆపుకుని కూర్చున్నాడు. మోపిదేవికి వచ్చేసరికి బాగా ఆలస్యమైంది. కరకట్ట చేరేసరికి ఆటు అయిపోవచ్చింది. నాకు మోకాలు వాచి ఉంది, ఆ రోజు నేను దిగనని ముందే చెప్పాను.

"మంచు విడవనీ బావా, అప్పుడెళ్దువుగాని."

"అప్పటికి ఎండెక్కుద్దిరా. మొదటి పాయ దాకా పోయొస్తా. నువ్వు కార్లో కూర్చుని మోకాలికి జోల పాడుకో."

నవ్వుకుంటూ గట్టు దిగాడు. పది అడుగులు వేశాడో లేదో మంచులో కలిసిపోయాడు.

మంచు విడవలేదు సరికదా, ఇంకా చిక్కబడింది. చాలాసేపటికి ఫోన్ చేశాడు.

"దారి కనపట్లేదురా."

"ఉన్నచోటే ఉండు బావా, కదలమాక."

"ఎందుకూ? ఆకేసి చూశాగా. నీళ్లకెదురుగానే వస్తున్నా. చెరువుల మోటార్ల మోత కూడా వినపడతంది. వచ్చేశాన్లే."

నా పక్కన రొయ్యల చెరువుల్లో ఆ పూట ఒక్క మోటారూ తిరగడం లేదు. గట్టు కింద పాయలోకి చూశాను. ఒక థర్మాకోల్ ముక్క సముద్రం వైపు నుంచి నా వైపు వస్తోంది.

"బావా, అది పోటు! నీళ్లు సముద్రంలోంచి వస్తున్నాయి! ఆ మోత కెరటాలది! వెనక్కి తిరుగు!"

నా అరుపు ఎక్కడిదాకా వెళ్లిందో తెలియదు, ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే అందుబాటులో లేరంది. కారు హారన్ మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నాను. ఆ మోత విని ఇటు తిరుగుతాడేమోనని ఆశ. తర్వాత కుంటుకుంటూ రేవుకు పరిగెత్తాను. పడవల వాళ్లు వెంటనే దిగారు. మంచులో కేకలు పెడుతూ పాయ పాయా తిరిగారు.

నీళ్లు మళ్లీ తీశాక దొరికాడు, పాయ సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల. నడుం దాకా బురదలో ఉన్నాడు, రెండు చేతులతో మడచెట్టును పట్టుకునే ఉన్నాడు. జిగట నేల కాబట్టి ఆయన అడుగులు కొన్ని చెరగలేదు. చాలా దూరం తిన్నగా ఉన్నాయి. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వెనక్కి చూసుకోలేదు. ఆ చెట్టు దగ్గరికి వచ్చాక మాత్రం చుట్టూ తొక్కుడు పడి ఉంది. నాకు అడవి మీద కోపం రాలేదు, మంచు మీద రాలేదు. బావ మీద వచ్చింది. పోయిన మనిషి మీద అంత కోపం ఉంటుందని నాకు తెలియదు.

పెద్దకర్మ అయ్యాక చుట్టాలు వెళ్లిపోయారు. అక్కయ్య లోపల పడుకుంది. అత్తయ్య వసారాలో కూర్చుని నన్ను దగ్గరికి పిలిచింది. 

"నాయనా, వాడు నీళ్లకెదురుగానే వచ్చాడా?"

"ఎదురుగానే వచ్చాడు అత్తయ్యా. ఫోన్లో చెప్పాడు."

"మరి ఊరెందుకు రాలేదు?"

నాకు చేతనైనట్టు చెప్పాను. సముద్రం దగ్గర అలా ఉండదనీ, పోటు వేళ నీళ్లు వెనక్కి వస్తాయనీ, కింద నుంచి పైకి పారతాయనీ. ఆవిడ నా మొహంలోకే చూస్తూ విన్నది. కింద నుంచి పైకా అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. ఇంటి ముందు కాలవ నీళ్లు ఎప్పట్లాగే కిందికి పోతున్నాయి, వాటివైపు తిరిగింది.

"నాకు తెలీదు నాయనా" అంది. "తెలిస్తే వాడికి అది కూడా చెప్పేదాన్ని."