చూడకుండానే కోసేస్తారా

పద్మిన్‌బాయి ఎవరితోనూ తగువు పెట్టుకునే మనిషి కాదు. మహారాష్ట్రలోని బీడ్ నుంచి చెరకు నరకడానికి వచ్చిన కూలీల గుంపుతో చక్కెర ఫ్యాక్టరీ వెనక గుడిసెల్లో ఉండేది. అక్కడ మరుగుదొడ్డి లేదు. మగవాళ్లు లేవకముందే ఆడవాళ్లు పొలంలోకి పోయిరావాలి, లేకపోతే చీకటిపడేదాకా బిగబట్టుకోవాలి. అందుకని ఆమె నీళ్లు తాగడమే తగ్గించేసింది. తినేది ఎండు జొన్నరొట్టె, మోసేది చెరకు మోపు. చివరికి ముక్కితే గాని విరేచనం కాకుండా పోయింది. ముక్కినప్పుడల్లా చిన్న కండ బయటికొచ్చి దానంతటదే లోపలికి పోయేది. వెంట నెత్తురు.

చీర మీద మరక చూసిన కూలీల మేస్త్రీ బబన్ ఆమెను తనకు తెలిసిన ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

డాక్టరు తలెత్తకుండానే అడిగాడు. "పిల్లలెందరు?"

"ఇద్దరండీ."

"ఇంకేం, గర్భసంచి తీయించెయ్."

"నెలనెలా పని ఎగ్గొట్టే బాధ కూడా తప్పుతుంది," అన్నాడు మేస్త్రీ హుషారుగా.

పద్మిన్‌కు ఒళ్లు మండిపోయింది. "సాహెబ్, నెత్తురు వచ్చేది వెనకనుంచి! చూడకుండానే సంచి కోసేస్తారా?"

"కింద అంతా ఒకటేలేమ్మా."

"ఒకటెలా అవుతుంది? ఇద్దర్ని కన్నదాన్ని, నా ఒంట్లో ఏది ఎక్కడుందో నాకు తెలీదా?" అని విసురుగా లేచొచ్చేసింది.

మర్నాడు పని మానేసి, పక్క గుడిసె ద్వారకను తోడు తీసుకుని సర్కారు ఆసుపత్రికి పోయింది. అక్కడి డాక్టరమ్మ పక్కకు తిప్పి పడుకోబెట్టి పరీక్ష చేసింది.

"మొలలు, అక్కా. రెండో దశ. చేత్తో తోస్తే గాని లోపలికి పోకపోతే మూడో దశ, తోసినా పోకపోతే నాలుగోది. అప్పుడైతే కోత మాట ఆలోచించాలి. నీకు అక్కర్లేదు. నీళ్లు బాగా తాగు, ఆకుకూర తిను, బిగబట్టకు. అప్పటికీ తగ్గకపోతే మొల మొదలుకు చిన్న రబ్బరు బ్యాండు వేస్తాం, అదే ఎండి రాలిపోతుంది."

"గర్భసంచి తీస్తే తగ్గుతుందా?" ద్వారక అడిగింది.

"దానికీ దీనికీ సంబంధమే లేదు."

"మరి నాది ఎందుకు తీసేశారు? పోయినేడు నాకూ ఇలాగే నెత్తురు పోయేది. ఇప్పటికీ పోతూనే ఉంది!"

డాక్టరమ్మ ద్వారకనూ పరీక్షించింది. ఆమెవీ మొలలే.

ఆ సాయంత్రం గుడిసెలన్నీ వినేలా పద్మిన్ మేస్త్రీని కడిగేసింది. "మాకు మరుగు కట్టించు. అందాకా పట్టపగలైనా పోతాం, నీ మోపులు ఆగితే ఆగనీ!" ఆడవాళ్లంతా రెండు రోజులు అలాగే చేశారు. మూడోనాడు గోనెపట్టాలతో చాటు లేచింది.

నీళ్లు, ఆకుకూరలతో పూర్తిగా తగ్గకపోయేసరికి ఇద్దరికీ బ్యాండు వేశారు, అప్పటికి నెత్తురు ఆగింది. ద్వారకకు తీసేసింది మాత్రం తిరిగి రాలేదు. ఆ ప్రైవేటు డాక్టరు ఆసుపత్రి ఇప్పటికీ కిటకిటలాడుతోంది. సంతకు పోయినప్పుడల్లా పద్మిన్ ఆ గుమ్మం ముందు ఆగి, వరసలో కూర్చున్న ఆడవాళ్లను గట్టిగా అడుగుతుంది: "నెత్తురు ఎక్కణ్ణుంచి పోతోందమ్మా? ఆయన చూశాడా?"